గడ్డకా, విత్తనానికా

స్టేషన్ మాస్టరు గంగాధర ఒక బిస్కెట్ల డబ్బా మూత తీసి చూపించి, వెంటనే మూసేశాడు. లోపల రంపపు పొట్టులో ఇరవై నాలుగు గడ్డలున్నాయి.

"ఊటీ నుంచి మా బావమరిది పంపాడు. దొరల తోటలో గడ్డలు. ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేవు" అన్నాడు.

"అట్లే సార్" అన్నాడు ఈరన్న చేతులు కట్టుకుని.

జిల్లాలో ఎవరి దగ్గరా లేవంటే దానికి అట్లే సార్ ఏమిటని అతని భార్య బాలనాగమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అది హిందూపురం, ధర్మవరం మధ్య మీటరుగేజి లైను మీద ఒక చిన్న స్టేషన్. ఒక ప్లాట్‌ఫారం, ఒక బావి, రెండు క్వార్టర్లు. ఈరన్న అక్కడ వాటర్‌మ్యాన్. బండి ఆగినప్పుడు కిటికీల వెంట తిరిగి దాహమన్నవాళ్ళకు నీళ్ళు పోయాలి. ఆ పని నాలుగేళ్ళుగా టెంపరరీ. మిగతా వేళల్లో మాస్టరుగారి తోట పని. అది ఏ కాగితంలోనూ లేదు కాబట్టి దానికి టెంపరరీ, పర్మనెంటు అన్న బాధ లేదు. అందులో ముప్పాతిక బాలనాగమ్మే చేస్తుంది. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఆ మాట ఎవరూ ఎత్తరు.

మాస్టరు జేబులోంచి కాగితం తీసి చదివాడు. "జానెడు లోతు. గడ్డకూ గడ్డకూ మధ్య అడుగు. మీ ఆడమనిషికి అర్థమయ్యేట్టు చెప్పు."

బాలనాగమ్మ ఆయనకు నాలుగడుగుల దూరంలో గుంట తవ్వుతూనే ఉంది. అయినా ఆయన ఏ మాటైనా ఈరన్న మీదుగానే పంపిస్తాడు.

"గడ్డలు జాగ్రత్త. అవి బాగా వస్తే నీ పేరు పైకి రాస్తాను. కుళ్ళిపోయాయంటే, నీ ఉద్యోగం కూడా కుళ్ళిందనుకో" అని, లోపల ఫోను మోగడంతో వెళ్ళిపోయాడు.

బాలనాగమ్మ ఒక గడ్డను చేతిలోకి తీసుకుంది. ఆమెది కదిరి దగ్గర గాండ్లపెంట. పుట్టిల్లంతా ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, పండించే ఇల్లు. గడ్డ బరువు చూసింది, మెడ నొక్కింది, అడుగున ఎండిన వేళ్ళ కుచ్చును గోటితో గీరి వాసన చూసింది. ఎర్రగడ్డ జాతే. కాకపోతే ఘాటు కొంచెం తెల్లగడ్డను, వెల్లుల్లిని, గుర్తు చేస్తోంది. పోయిన ఏడు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్ద ఆఫీసరు రైలుపెట్టెలోకి ఈ తోటలో పెరిగిన కోసుగడ్డలు, అదే క్యాబేజీలు, బుట్టెడు ఎక్కించారు, ఒక్కొక్కటి పసిబిడ్డ తలంత. ఈసారి ఆఫీసరుగారి వంటింటికి సీమ ఎర్రగడ్డలన్నమాట, అనుకుంది.

లైను పక్కన ఇంజన్లు పారబోసిన కాలిన బొగ్గు కసువు ఏరుకొచ్చి, రాతితో నలిపి, గుంట అడుగున ఒక పొర వేసింది. దాని మీద ఇసక, దాని మీద గొర్రెల ఎరువు కలిపిన మట్టి. గడ్డ మూతి పైకి నిలిపి, పక్కల మట్టిని వేళ్ళతో సర్దింది.

"సార్ జానెడన్నాడు మే" అన్నాడు ఈరన్న ఆఫీసు వైపు చూస్తూ.

"ఈ ఎర్రమట్టిలో జానెడు లోతున పూడిస్తే ఊపిరాడక సస్తాయి. నాలుగు వేళ్ళు సాలు."

"ఆయప్ప కొలిచి చూస్తేనో?"

"పూడ్చినాంక ఏం కొలుస్తాడు? నువ్వు చెప్పకుంటే సరి."

నయాపైసలు వచ్చిన ఏడు కార్తీకమాసంలో, ప్లాట్‌ఫారం ఎదుటి గుండ్రటి మడిలో, సున్నం కొట్టిన రాళ్ళ మధ్య ఆ గడ్డలు అట్లా భూమిలోకి పోయాయి. దినమూ పొద్దున్నే బావి నుంచి మడికి పన్నెండు కడవలు. మొలక వచ్చేదాకా మడి పైన ఈతాకు చాపతో నీడ. మాస్టరుగారింటి మేకను తరిమే పని వేరే.

మాఘమాసం వచ్చేసరికి మడి నిండా తెల్లగడ్డకు మల్లే చదునైన, మూడు వేళ్ళ వెడల్పు ఆకులు పరుచుకున్నాయి. సీమ రకం కదా, ఇట్లాగే ఉంటుందేమో. బాలనాగమ్మ ఆకుల అడుగున వేలు పెట్టి తడిమితే గడ్డలు మంచి పట్టుగా తగులుతున్నాయి. ఇన్‌స్పెక్షన్ నాలుగు రోజుల్లో ఉందనగా ఒక పొద్దున ఆకుల నడుమ నుంచి కాడలు తల ఎత్తి కనిపించాయి. గుండ్రటి లేత కాడలు, కొనన పిట్టముక్కు లాంటి మొగ్గ, దాని మీద పలుచటి పొర.

ఎర్రగడ్డ మడిలో కాడ లేచిందంటే ఒక పెద్ద తీర్మానం చేయాలి. గడ్డ కావాలంటే కాడను ఆ ఒకటి రెండు రోజుల్లోనే విరిచెయ్యాలి. లేకపోతే బలమంతా పువ్వుకు పోయి, గడ్డ నడుమ కట్టె పోసుకుని, కూరకు పనికిరాకుండా పోతుంది. విత్తనం కావాలంటే విరవకూడదు, పువ్వు పూసి ఎండేదాకా ఆగాలి. రెండూ ఒక గడ్డతో కావు. వాళ్ళ నాయనైతే మడి గట్టు మీద నిలబడి, ఇది గడ్డకు, అది విత్తనానికి అని చెయ్యి చూపేవాడు. ఇక్కడ చెయ్యి చూపే మనిషి గది లోపల ఉంటాడు.

"ఇద్దో, కాడలు లేసినాయి. ఇవి గడ్డకా, విత్తనానికా సారును అడిగి రాపో" అంది ఈరన్నతో.

"ఇంత చిన్నదానికి అడిగేదేమిటికి?"

"చిన్నది కాదయ్యా. విరిస్తే మల్ల అతికించేకి కాదు. అడిగి రా."

ఈరన్న తలగుడ్డ సర్దుకుని ఆఫీసు వైపు పోయాడు. గడపకు మూడడుగుల ముందే టైరు చెప్పులు విడిచాడు. చెప్పులు విడిచీ లోపలికి పోడు, గడప బయటే నిలబడతాడు. నాలుగేళ్ళుగా అంతే. ఆమె రాళ్ళకు సున్నం పూస్తూ అటు చూసింది. అతని వీపు కాస్త వంగింది, తల రెండుసార్లు ఊగింది, వెనక్కి వచ్చేశాడు.

"గడ్డకే అంట."

"సరిగ్గా అడిగినావా? విత్తనానికి కాదు గదా?"

"అడిగినా మే! గడ్డకే. ఎన్నిసార్లు చెప్పాల?" అని కొమ్ముచెంబు పట్టుకుని బండికి ఇంకా అరగంట ఉండగానే ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆమె అన్న సుబ్బన్న బండి దిగాడు. కూర్చోలేదు కూడా. తిరుగు బండి వచ్చేదాకా నిలబడే మాట్లాడాడు. "కొత్త బాయిలో నీళ్ళు పడినాయి. రెండెకరాలు మీకు కోరుకిస్తా, పంటలో సగం మీది. ఉగాది లోపల వచ్చి మడి పట్టుకుంటే సరి. లేదంటే పుల్లన్న అడుగుతాండాడు, ఆయప్పకిచ్చేస్తా. నేనూ ఎన్నేండ్లని ఆగేది బావా?"

"ఈ ఇన్‌స్పెక్షన్ ఒకటి కానీ" అన్నాడు ఈరన్న. "పేరు రాస్తానన్నాడు. రాయకుంటే మూట కట్టుకుని వచ్చేస్తాం."

సుబ్బన్న చెల్లెలి ముఖం చూశాడు. ఆమె వేళ్ళకంటిన సున్నం గిల్లుకుంటూ నిలబడింది. పోయిన ఏడూ ఈ మాటే, అంతకుముందు ఏడూ ఈ మాటే. ఒకవైపు రైలుపట్టాలు, ఒకవైపు ముళ్ళకంచె, నడుమ ఆ ఒంటిగది. బండ్లన్నీ ఎక్కడికో పోతుంటాయి, తాము మాత్రం పోయేవాళ్ళకు నీళ్ళు పోస్తుంటారు. ఈ గడ్డలు బాగా వస్తే ఉద్యోగమన్నా ఖాయమవుతుంది, లేకపోతే పొలమన్నా దొరుకుతుంది. ఏదో ఒకటి తేలిపోతే చాలునని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

మరునాడు తెల్లవారగానే మడిలో కూర్చుంది. ఎడమచేత్తో ఆకులు విడదీసి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కాడ మొదట్లో పెట్టి, కొంచెం పక్కకు వంచితే చాలు, టప్‌మని విరుగుతుంది. లాగకూడదు, లాగితే గడ్డ కదులుతుంది. విరిగినచోట పాలలాంటి జిగురు. దాన్ని బొటనవేలితో అద్ది ఇంకోదాని దగ్గరికి జరిగింది. చిన్నప్పటి నుంచీ చేసిన పని. చేతులకు అలవాటైన పని దొరికితే మనసుకు ఎంత హాయో ఆ గంటసేపు ఆమెకు తెలిసింది.

ఇరవై మూడు విరిచి ఆగింది. మడిలో ఒక్కదాన్నన్నా విత్తనానికి వదలాలని వాళ్ళమ్మ అలవాటు. మూలనున్న సన్నటి కాడను అట్లాగే వదిలేసింది.

విరిచిన కాడలు బుట్టలో మిసమిసలాడుతున్నాయి. ఎర్రగడ్డ కాడల కూరంటే ఈ ప్రాంతంలో ఎవరికి చేదు? ఈరన్న ఎనిమిదింటి బండి దగ్గరున్నాడు. ఆమే బుట్ట పట్టుకుని మాస్టరుగారి పెరటి వైపు పోయింది. నాలుగేళ్ళలో ఆయనతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

మాస్టరు వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

"సామీ, కాడలు లేతగా ఉండాయి. అమ్మగారికియ్యండి, కూర బాగుంటాది."

మాస్టరు బుట్టలోకి చూశాడు. వేపపుల్ల నోట్లోంచి జారిపోయింది. ఒక కాడ తీసి, కొనన పొరను గోటితో చీల్చాడు. లోపల ఆవగింజలంత ఊదారంగు మొగ్గలు, లెక్కపెట్టలేనన్ని. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపు అరవలేదు. అరిచి ఉంటే బాలనాగమ్మకు కొంచెం భయం తగ్గేది.

తర్వాత అరిచాడు. ఎనిమిదింటి బండి కదలకముందే ఈరన్న చెంబుతో సహా పరుగెత్తుకొచ్చాడు. మాస్టరు ఆఫీసులోకి పోయి, బల్ల అద్దం కింది నుంచి ఒక రంగు కాగితం పెరికి తెచ్చి ఇద్దరి ముందూ ఆడించాడు. నడుమెత్తు కాడ, దాని మీద పెద్ద ఊదారంగు పూలబంతి.

"ఇది! ఇది పూయాలి! మూడు నెలలుగా నా బల్ల మీదే ఉంది కదరా! కళ్ళు లేవా?"

గడప బయట నిలబడే మనిషికి బల్ల మీద అద్దం కనబడదు. తోటలో నీళ్ళు పోసే మనిషికి గడప దాకా వచ్చే పనే లేదు. ఆ మాట చెప్పేవాళ్ళు అక్కడ లేరు.

"ఆరేళ్ళుగా ఈ ఎండలో పడున్నాను. పిల్లలకు బడి లేదు. ఆఫీసరుకు పూలంటే ఇష్టమని, ఈ ఒక్క మడి చూపించి బెంగుళూరుకు బదిలీ అడుగుదామనుకున్నాను" అన్నాడు మాస్టరు. "విరవమని ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారు దీనికి?"

బాలనాగమ్మ మొగుడి వైపు చూసింది. చెప్పు, సార్ మీరే గడ్డకన్నారని చెప్పు.

ఈరన్న చెంబులోకి చూస్తున్నాడు. "తెలీక చేసింది సార్. ఆడది. దానికేం తెల్సు" అన్నాడు.

అప్పుడర్థమైంది ఆమెకు. చేతిలో బుట్ట ఒక్కసారిగా బరువెక్కింది. ఇప్పుడు తను నోరు తెరిస్తే అతని ఉద్యోగం పోతుంది, తెరవకపోతే తన తప్పు అవుతుంది. ఆమె బుట్టను మెట్టు మీద పెట్టి, బావి వైపు నడిచింది.

మధ్యాహ్నం బావి దగ్గర ఈరన్న తాడు లాగుతుంటే ఆమె కడవ పెట్టి నిలబడింది.

"ఆ పొద్దు ఆయప్పను ఏమడిగినావు?"

ఈరన్న బొక్కెన పైకి రాగానే గట్టు మీద పెట్టాడు. "ఫోన్లో మాట్లాడ్తాండె. ఏంరా అన్నాడు. ఏం ల్యా సార్ అంటి."

"అంతేనా?"

"అంతే."

"మల్ల నాకు గడ్డకే అని ఎట్ల చెప్పినావు?"

"నువ్వు గడ్డకే అనుకుంటాండావు గదా. నీకు తెల్దా అనుకొంటి. ఆయప్ప మొగం చూస్తే నాకు నోట్లో మాట రాదు మే."

"భయమైందని చెప్పింటే నేనే పోయి అడుగుతాంటి గదయ్యా. మూడు నెల్లు బిడ్డల్ని సాకినట్ల సాకితి. నా చేత్తో నాతోనే మెడలు విరిపించితివి. పైన దానికేం తెల్సు అంటివే!"

ఈరన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమెకు జాలి వేయలేదు. వేసుంటే బాగుండునని కూడా అనిపించలేదు. కడవ నింపుకుని మడి వైపు పోయింది. కాడలు పోయినా ఆకులకు దాహం దాహమే.

ఇన్‌స్పెక్షన్ రోజు పదకొండుకు ఆఫీసరు స్పెషల్ బండి. మాస్టరు గేటు దగ్గరి క్రోటన్ తొట్లన్నీ తెప్పించి మడి చుట్టూ నిలబెట్టించాడు. ఈరన్న ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, తోమిన చెంబు పట్టుకుని నిలబడ్డాడు. బాలనాగమ్మను ఎవరికీ కనబడొద్దన్నారు. ఆమె బావి పక్కనుంచి చూస్తోంది.

అప్పుడు చూసింది మూలనున్న ఆ ఒక్క కాడను. రాత్రికి రాత్రి పొర చీల్చుకుని విచ్చుకుంది. పిడికిలి కంటే పెద్ద బంతి, వంకాయపూవు రంగు, చుట్టూ సూదుల్లాంటి చిన్న చిన్న పూలు. ఇదా, అనుకుంది. ఇట్లాంటివి ఇరవై మూడు. మాస్టరు మీద కోపం, మొగుడి మీద కోపం ఆ క్షణాన ఏవీ లేవు, ఆ పూల మీద దుఃఖం తప్ప.

లోపల ఫోను మోగింది. మాస్టరు బయటికొచ్చాడు. చేతిలో పచ్చజెండా ఉంది. అది చూసి ఈరన్న ముఖం పాలిపోయింది. బండి ఆగేదైతే పచ్చజెండా ఎందుకు?

స్పెషల్ వచ్చింది. వచ్చిన జోరు తగ్గించలేదు. చివరి పెట్టె కిటికీలో ఒక పెద్దమనిషి ముఖం మీద రుమాలు కప్పుకుని పడుకున్నాడు. మాస్టరు ఒక చేత్తో జెండా, ఒక చేత్తో సలాము. గాలికి రెండు క్రోటన్ తొట్లు దొర్లాయి. ఊదా పువ్వు పట్టాల వైపు ఒకసారి వంగి, మళ్ళీ నిలబడింది. అంతే. ఇరవై నాలుగూ పూసి ఉన్నా అంతే అయ్యేది.

దుమ్ము తగ్గింది. మాస్టరు జెండా చుడుతూ మడి దగ్గరికొచ్చి, ఆ ఒక్క పువ్వును చాలాసేపు చూశాడు.

"గడ్డలు ఉన్నాయిగా. వచ్చే ఏడు అన్నీ పూయిద్దాం ఈరన్నా. నీ పేరు అప్పుడు రాస్తా."

"అట్లే సార్" అన్నాడు ఈరన్న.

బాలనాగమ్మ బావి గట్టు మీద కడవ దించేసింది. క్వార్టరులోకి పోయి రెండు చీరలు, దువ్వెన, కుంకుమ భరిణె మూటకట్టింది. రెండున్నర ప్యాసింజరుకు గంట కొట్టినప్పుడు టికెట్ కిటికీ ముందు నిలబడి ఉంది.

"ధర్మవరం మీద కదిరికి ఒకటియ్యండి సామీ."

మాస్టరు తలెత్తాడు. "ఒకటేనా?"

"ఒకటే."

టికెట్ మీద తేదీ గుద్దబోయి ఆగాడు. "మరి గడ్డలు?"

"ఆకు పండబారేటప్పుడు నీళ్ళు ఆపాల. ఆకు వాలినాంక తవ్వి, నీడన ఆరబెట్టి, ఇసకలో పెట్టండి. ఎండ తగలగూడదు. కార్తీకంలో నాటుకోండి. కాడ లేస్తే విరవద్దు."

ఆయన పెన్సిల్ తీసి కాగితం మీద రాసుకున్నాడు. మొదటిసారి ఆమెనే నేరుగా అడిగాడు. "లోతు జానెడేగా?"

"కాదు సామీ. నాలుగు వేళ్ళు. అడుగున బొగ్గు కసువు."

ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, జానెడు కొట్టేసి నాలుగు వేళ్ళని రాశాడు.

బండి వచ్చింది. ఆమె ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ దగ్గర కూర్చుంది. ఈరన్న ఎప్పటిలాగే చెంబుతో ఒక్కో కిటికీ దగ్గర ఆగుతూ వచ్చి, ఈ కిటికీ దగ్గర నిలబడిపోయాడు.

"నిజంగానే పోతాండావా?"

ఆమె దోసిలి బయటికి చాచింది. ఈరన్న చెంబు వంచాడు. ఆమె కడుపునిండా తాగి, తడిచేత్తో మూతి తుడుచుకుంది.

"ఉగాది దాకా మా యన్న ఆగుతాడు" అంది. "నీ ఉద్యోగం ఖాయమైతాదా కాదా ఆయప్పను అడుగు. లోపలికి పోయి అడుగు. కాదంటే కాదని చెప్పించుకో. ఏదైనా సరే, అడిగి నాకు నిజం చెప్పు. ఈసారి నువ్వే అనుకుని చెప్పొద్దు."

గార్డు ఈల వేశాడు. ఈరన్న "అట్లే" అనబోయి, ఆ మాటను సగంలోనే మింగేశాడు. బండి కదిలింది. ఆమె కిటికీ చువ్వలకు చెంప ఆనించి వెనక్కి చూస్తోంది. ఈరన్న చెంబును ప్లాట్‌ఫారం మీద పెట్టాడు. ఆఫీసు వైపు నడిచాడు. అంతలో పార్సిల్ మూటల గుట్ట అడ్డమొచ్చింది, ఊరి పేరు రాసిన బోర్డు అడ్డమొచ్చింది, మడి కనిపించింది, మూలనున్న పువ్వు కనిపించింది. చివరికి ఆఫీసు గడప కనిపించింది.

గడప బయట టైరు చెప్పులున్నాయి. మనిషి లేడు.